అరవై ఆరు దగ్గర ఆగని పిల్ల

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుగా కొత్తగా చేరిందట. "మేడం, సోమవారం నుంచి ఫస్టియర్ పిల్లలకు ప్రాక్టికల్స్. నాకు భయమైతున్నది. నాలుగు మాటలు చెప్పుండ్రి" అంది. నాలుగు మాటలే కదా అని మొదలుపెట్టాను. బియ్యం కడుగుతూ మొదలుపెడితే అన్నం ఉడికి, చల్లారింది కూడా. మా ఆయన రెండుసార్లు వంటింట్లోకి తొంగిచూసి, నా ముఖం చూసి, వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. ఈ సంవత్సరం ఎక్కడో ఒక ల్యాబులో మొదటిసారి తాళం తీయబోయే మీ అందరికీ పనికొస్తుందని నా ఆశ.

నేను పనిచేసింది బోధన్‌లో. ఇల్లు నిజామాబాద్‌లో. రోజూ బస్సులో పోవడం, రావడం. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాలేజీ దగ్గరికొచ్చేసరికి చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరుకు పాకం వాసన బస్సులోకి వచ్చేది. రోడ్డంతా చెరుకు బండ్లు. వాటి వెనక ఇరుక్కుని మొదటి పీరియడ్ పోగొట్టుకున్న రోజులు లెక్కలేనన్ని. ఫ్యాక్టరీ బంద్ అయ్యాక బస్సు టైముకు రావడం మొదలుపెట్టింది. అందుకు సంతోషించాలో బాధపడాలో మా బస్సులో ఎవరికీ తెలిసేది కాదు.

చేరినప్పుడు నాకు చదువు ఉంది, పని రాదు. పని నేర్పింది మా సీనియర్ ల్యాబ్ అసిస్టెంటు. ప్రిన్సిపాల్ నుంచి క్యాంటీన్ వరకు అందరూ ఆయన్ని చాచా అనే పిలిచేవాళ్ళు. బోధన్‌లో పాత కుటుంబం. వాళ్ళ నాన్నకు గడియారాలు బాగుచేసే దుకాణం ఉండేదట. సన్నని మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డ. లెన్సు మీద ఎవరైనా వేలు పెడితే ఆయన ముఖంలో నొప్పి కనిపించేది.

మొదటి వారంలో నేను చేసిన పని చెబుతాను, మీరూ అదే చేస్తారు కాబట్టి. ఒక పిల్లవాడు స్క్రూగేజీలో తీగ పెట్టి తిప్పలేక తంటాలు పడుతున్నాడు. చూస్తూ ఊరుకోలేక వాడి చేతిలోంచి తీసుకుని చకచకా తిప్పి, రీడింగు చెప్పేశాను. వాడు రాసుకున్నాడు. పక్క టేబుల్ దగ్గర ఇంకో పిల్ల మీటర్ బ్రిడ్జికి వైర్లు తప్పుగా కలిపింది. పీకి సరిగ్గా పెట్టాను. ఆ పిల్ల థాంక్స్ చెప్పింది. నాకెంత సంతోషమో! ఇంత మంది పిల్లలకు ఇంత సాయం చేశానని సాయంత్రం బస్సులో కిటికీ పక్కన మహారాణిలా కూర్చున్నాను.

మర్నాడు మళ్ళీ ఒక పిల్లవాడి పరికరం మీదికి చేయి చాపబోతుంటే వెనక నుంచి దగ్గు వినిపించింది. చిన్న దగ్గు. గొంతు సవరించుకున్నట్టు. తిరిగి చూస్తే చాచా. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, మీ చేతులు బాగ పనిజేస్తయ్. అది నాకు ఎరుకే. పిల్లల చేతులు ఎట్ల పనిజేస్తయో సూడాలె గదా మనం" అన్నాడు.

"వాళ్ళు తప్పు చేస్తుంటే ఊరుకోవాలా చాచా?"

"నోరున్నది గదమ్మా. అడుగుండ్రి. 'ఈ వైరు ఏడికెళ్ళి ఏడికి పోతున్నదిరా' అని అడుగుండ్రి. వాడే సూస్కుంటడు. చేతులు మాత్రం వెనకకే. నేను చేరినప్పటిసంది గిదే రివాజు."

అప్పటి నుంచి మా ల్యాబులో మేమిద్దరం చేతులు వెనక్కి కట్టుకునే తిరిగేవాళ్ళం. పిల్లలు చాటున మమ్మల్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ అలవాటు అంత సులువుగా రాలేదు. చేయి దానంతటదే ముందుకు పోయేది. పోయినప్పుడల్లా ఆ దగ్గు. ఏళ్ళు గడిచాక కూడా అదే తంతు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది లేకపోతే అసలు కథ అర్థం కాదు. డిగ్రీ పిల్లలకు పోలారిమీటర్ అని ఒక ప్రయోగం ఉంటుంది. ఒక గొట్టంలో చక్కెర నీళ్ళు పోసి, దాని గుండా పసుపు రంగు సోడియం లైటు పంపి, చివర కంటితో చూడాలి. గుండ్రటి వెలుగు రెండు సగాలుగా కనిపిస్తుంది. రెండు సగాలూ ఒకే తీరుగా మసకబారే దాకా చక్రం తిప్పాలి. చక్కెర ఆ వెలుగును ఎంత మెలితిప్పిందో దాన్ని బట్టి లెక్క కడతారు. చక్కెరకు అరవై ఆరున్నర రావాలని పుస్తకంలో ఉంటుంది. అది ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఎంతలా తెలుసంటే, గొట్టంలో నీళ్ళు పోయకముందే కొందరికి అరవై ఆరు వచ్చేస్తుంది.

ఈ ప్రయోగం అంటే మా దగ్గర అందరికీ మక్కువ. చెరుకు పండే చోటు కదా. వెనకటికి మా ల్యాబుకు చక్కెర ఎన్నడూ కొనలేదు. ఫ్యాక్టరీ రైతులకిచ్చే చక్కెరను వాళ్ళ పిల్లలే ఇంటి నుంచి పొట్లాల్లో తెచ్చేవాళ్ళు. ఫ్యాక్టరీ పోయాక కిరాణా కొట్టు నుంచి తేవడం మొదలైంది. తెచ్చిన చక్కెరను చాచా ఇంటికి తీసుకెళ్ళి మిక్సీలో మెత్తగా పొడి చేయించి తెచ్చి గాజు సీసాలో పోసేవాడు. పొడి అయితే తొందరగా కరుగుతుంది, పరీక్షలో పిల్లలకు టైం కలిసొస్తుందని. నేను వేరే కాలేజీల్లో కూడా చూశాను, ఈ పొడి చేసే అలవాటు ఇంకెక్కడా లేదు.

అదే బీరువాలో, అదే రకం సీసాలో గ్లూకోజు పొడి కూడా ఉండేది. అది ప్రయోగాలకు కాదు. ఎండాకాలం ప్రాక్టికల్ పరీక్షలకు పల్లెల నుంచి పిల్లలు పొద్దున్నే ఏమీ తినకుండా బస్సెక్కి వచ్చేవాళ్ళు. ఎవరైనా కళ్ళు తిరిగి కూలబడితే చాచా ఆ సీసా తీసి గ్లాసులో కలిపి తాగించేవాడు. రెండు సీసాలకూ చీటీలు అంటించేవాళ్ళం. చెమట చేతులకు అవి ఊడిపోయేవి. అయినా చాచాకు ఇబ్బంది లేదు. వేలితో కొంచెం తీసుకుని నాలిక మీద వేసుకునేవాడు. చల్లగా తగిలితే గ్లూకోజు, లేకపోతే చక్కెర. ఆయన చేశాడు కదా అని మీరు ల్యాబులో ఏదీ నోట్లో పెట్టుకోకండి. చీటీ ఊడితే వెంటనే కొత్తది అంటించండి. అంటించడానికి బద్ధకమైతే ఈ మిగతాది చదవండి.

ఆ ఏడు ప్రాక్టికల్ పరీక్షలు రంజాన్ నెలలో పడ్డాయి. మంచి ఎండలు. చాచా రోజా ఉపవాసంలో ఉన్నాడు. ఉమ్మి మింగడానికి కూడా వెనకాడే మనిషి. పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఒక బ్యాచ్. వేరే ఊరి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చారు. గట్టి మనిషి అని ఆయనకన్నా ముందే ఆయన పేరు మా దగ్గరికి వచ్చింది. ఎవరికి ఏ ప్రయోగమో చీటీలు తీసి తేలుస్తారు. పొద్దున బ్యాచ్‌లో పోలారిమీటర్ చీటీ తీసిన అబ్బాయి అరవై ఆరు తెచ్చి, సంతకం చేసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆ చీటీ ఒక అమ్మాయికి వచ్చింది. నిజాంసాగర్ కాలువ కింది ఊరి పిల్ల. తక్కువ మాట్లాడుతుంది. ఒక ప్రాక్టికల్ అంతకుముందే జ్వరం వల్ల తప్పింది. ఈసారి కూడా తప్పితే చదువు చాలు అని ఇంట్లో ఖరాఖండిగా చెప్పారట. బీఎడ్ చేసి టీచరు కావాలని ఆ పిల్ల కోరిక. ఇదంతా చీటీ తీసే ముందు బెంచీ మీద కూర్చుని నాతో చెప్పింది. "మేడం, లాగరిథం లెక్క లేనిది రావాలని మొక్కుకుంటున్న" అంది. పోలారిమీటర్ చీటీ చూసి నాకే హాయిగా అనిపించింది. సులువైన ప్రయోగం.

గంట గడిచింది. ఆ టేబుల్ దగ్గరికి వెళ్తే పిల్ల ముఖం పాలిపోయి ఉంది.

"మేడం, గిది నిలుస్తలేదు. సూసినప్పుడల్ల కిందికే వస్తున్నది."

కాగితం చూశాను. లెక్క కడితే మొదటిది ఎనభై దాటింది. తర్వాతది డెబ్బై చిల్లర. ఆ తర్వాత ఇంకా తక్కువ. చేయి కుదరడం లేదనుకున్నాను. గొట్టంలో గాలి బుడగ ఉందేమో అడిగాను. లేదు. లైటు సరిగ్గా పసుపు రంగులోకి వచ్చిందా అంటే వచ్చింది. ఇంకోసారి చూడమన్నాను. చూసింది, లెక్క కట్టింది. అరవై ఆరు!

నా ప్రాణం లేచొచ్చింది. అప్పుడే మా డిపార్ట్‌మెంటు సారు అటు వచ్చి కాగితంలోకి తొంగిచూశారు. పిల్లల మీద ప్రేమ ఉన్న మనిషే. గొంతు తగ్గించి, "వచ్చింది గదమ్మా. పైనవన్నీ కొట్టేసి ఇది రాసెయ్. లేచి పో" అన్నారు.

ఆ పిల్ల కన్ను మళ్ళీ గొట్టానికి ఆనించింది. కొంచెం ఆగి, "సార్, ఇంక పడుతున్నది" అంది.

"పడనియ్యమ్మా, నీకెందుకు? నీకు కావాల్సింది వచ్చింది."

"ఆగలేదు గద సార్. ఆగకముందుకే వచ్చిందని ఎట్ల రాయాలె?"

సారు నా వైపు చూశారు. నా కుడి చేయి అప్పటికే చక్రం మీదికి పోతోంది. అరవై ఆరు దగ్గర దాన్ని పట్టుకుని, "ఇదిగో, ఇక్కడే ఉంది చూడు" అని చెప్పేద్దామనుకున్నాను. నిజం చెబుతున్నాను, అది మోసమని కూడా తట్టలేదు. ఆ పిల్ల ఏడాది నా కళ్ళ ముందు పోతుంటే చూడలేకపోయాను.

కిటికీ దగ్గర నుంచి దగ్గు వినిపించింది. ఎండకు, ఉపవాసానికి గొంతు ఎండిపోయి ఉంటుంది, అసలే చిన్న దగ్గు, ఇంకా చిన్నగా వచ్చింది. ఆ పిల్ల కూడా తలెత్తి చూసింది. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను.

ఇంతలో ఎగ్జామినర్ గారు రానే వచ్చారు. కాగితం మీద కిందికి దిగిపోతున్న అంకెలు చూశారు. ఆ పిల్ల ఇంకొకటి రాసింది. అరవై కూడా లేదు.

"పొద్దున అబ్బాయికి మంచిగ వచ్చింది. నీకెందుకు వస్తలేదు? బోధన్ పిల్లవు, చక్కెర సంగతి నీకు నేను చెప్పాల్నా?" అన్నారు.

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జవాబు మాత్రం ఆగలేదు. "సార్, నేనేం కదిలిస్తలేను. మీరే సూడుండ్రి."

చుట్టూ పిల్లలందరూ పనులు ఆపేశారు. నాకు నోరుందని చాచా ఏనాడో చెప్పాడు కదా, అది గుర్తొచ్చింది. అడిగాను. "సున్నా ఎక్కడ వచ్చిందమ్మా? ఉత్త నీళ్ళతో చూశావా?"

"మొదలు సూసిన మేడం."

"మళ్ళీ చూడు."

గొట్టం కడిగి ఉత్త నీళ్ళు పోసి చూసింది. సున్నా మొదట ఎక్కడుందో అక్కడే ఉంది. కదల్లేదు. ఎగ్జామినర్ గారు ముక్కు మీద కళ్ళద్దాలు పైకి తోసి, తానే కుర్చీలో కూర్చుని చూశారు. కదల్లేదు. మళ్ళీ ఆ పిల్ల కలిపిన నీళ్ళు పోయించారు. చక్రం తిప్పి, రెండు సగాలు ఒక్క తీరుగా చేసి, కన్ను తీయకుండా అలాగే కూర్చున్నారు. మేమంతా ఆయన వీపు చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి ఆయన నోట్లోంచి "అరె!" అని వచ్చింది. చక్రం ముట్టకుండానే ఒక సగం మెల్లగా వెలుగెక్కిందట.

"పరికరం మంచిగనే ఉన్నది. నీళ్ళే మారుతున్నయ్" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. వయసు కూడా సగానికి తగ్గినట్టు అనిపించింది.

పక్క గదే కెమిస్ట్రీ ల్యాబు. నేను పరుగెత్తి అక్కడి మేడాన్ని పిలుచుకొచ్చాను. ఆవిడ అంకెలు చూసి నవ్వేసింది. "చక్కెర ఇట్ల చెయ్యదు. ఇది గ్లూకోజు. కొత్తగా నీళ్ళల్ల కలిపితే సర్దుకునేదాక తగ్గుకుంటనే పోతది. యాభై దగ్గర్ల పోయి నిలబడతది, సూస్తుండుండ్రి" అంది.

అందరి చూపూ టేబుల్ మీది గాజు సీసా మీదికి పోయింది. చీటీ లేని సీసా. కిటికీ దగ్గర నుంచి చాచా నడిచి వచ్చాడు.

"సార్, గలతీ నాది. పొద్దుగాల రెండు సీసాలు తీసిన. దినాం నాలిక మీద ఏసుకొని సూస్త. గిప్పుడు రోజాల ఉన్న గదా, సూడలే. కండ్లతోటి సూసి పెట్టిన. ఈ బిడ్డది ఏం కసూర్ లేదు. ఏం రాసుకుంటరో నా మీద రాసుకోండ్రి."

రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న మనిషి, ఇంతమంది పిల్లల ముందు తల వంచుకుని నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. ఎగ్జామినర్ గారు ఆయన్ని కుర్చీలో కూర్చోమన్నారు. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగారు.

"అరవై ఆరు వచ్చినప్పుడు ఎందుకు ఆగలేదు?"

"అప్పటికి అది ఆగలేదు సార్."

"ఇప్పుడేం చేస్తవ్?"

"టైం ఇస్తే నిలబడేదాక సూస్త సార్. ఎక్కడ నిలబడ్డదో గదే రాస్త."

ఆయన టైం ఇచ్చారు. మిగతా పిల్లలంతా వెళ్ళిపోయినా ఆ పిల్ల కూర్చుని చూసింది. మేడం చెప్పినట్టే యాభై దగ్గరికి పోయి నిలబడింది. ఎగ్జామినర్ గారు సంతకం పెట్టి, "చీటీల ఉన్న ప్రయోగం ఇది కాదు. అంతకన్న పెద్దది చేసినవు" అన్నారు. ఆ పిల్లకు ఎన్ని మార్కులు వేశారో నాకు చూపించలేదు కానీ, ఆ ఏడు ఆ ప్రాక్టికల్‌లో అందరికన్నా ఎక్కువ ఆ పిల్లకే వచ్చాయి. చాచా మీద ఆయన ఒక్క ముక్క రాయలేదు. పొద్దున అబ్బాయి కాగితం మాత్రం కట్టలోంచి తీసి చూశారు. అదే సీసాలోని గ్లూకోజుతో అరవై ఆరు. దిగేటప్పుడు మధ్యలో పట్టుకున్నాడో, పుస్తకంలోంచి పట్టుకున్నాడో ఎవరికి తెలుసు? ఎగ్జామినర్ గారు చిన్నగా నవ్వి దాన్ని మళ్ళీ కట్టలో పెట్టేశారు.

కాగితాల కట్టలకు సీలు వేసేసరికి పొద్దు గూకింది. ఆ పిల్ల బస్సు ఇంకా రాలేదు. మసీదు నుంచి అజాన్ వినిపించగానే చాచా జేబులోంచి ఖర్జూరం తీశాడు. ఆ పిల్ల గబగబా వెళ్ళి, అదే సీసాలోంచి గ్లూకోజు తీసి గ్లాసు నీళ్ళలో కలిపి తెచ్చింది. చాచా ఒక గుక్క తాగి, నాలిక మీద కాసేపు ఉంచుకుని, "హా, గ్లూకోజే" అన్నాడు. ముగ్గురం కడుపుబ్బ నవ్వాం. "మాఫ్ చెయ్ బేటీ" అన్నాడు తర్వాత. "గట్లనకు చాచా, నువ్వు దగ్గకపోతే మేడం నన్ను పాస్ చేయించేది" అంది ఆ పిల్ల. నేనింత మాట ఎవరి దగ్గరా పడలేదు. మాట పడి అంత సంతోషించింది కూడా ఎన్నడూ లేదు.

కొత్తగా చేరిన మీకు నేను చెప్పగలిగింది ఇంతే. చీటీలు అంటించండి. సున్నా చూడండి. లైటు వేడెక్కే దాకా ఓపిక పట్టండి. పుస్తకంలోని అంకె వచ్చిందని పిల్లలు ఎగిరి గంతేస్తే, ఇంకోసారి చూడమనండి. మిగతాదంతా మీ సీనియర్లు నేర్పుతారు. నాకు దొరికినంత మంచి సీనియరు మీకూ దొరకాలని కోరుకుంటున్నాను. నా ఉద్యోగంలో నేను జీతం కన్నా ఎక్కువ తీసుకున్నది ఆయన దగ్గరే. చాచా ఇప్పుడు బోధన్‌లో మనవరాళ్ళకు సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. రంజానుకు మా ఇంటికి సేమియా వస్తుంది, సంక్రాంతికి మా ఇంటి నుంచి సకినాలు పోతాయి.

నేను రిటైరైన తర్వాత ఒకసారి పసుపు పండే ఏర్గట్ల ఊరి నుంచి పిలుపు వచ్చింది. ఆ పిల్లే. బీఎడ్ అయిపోయి అక్కడ బడిలో సైన్సు చెబుతోంది. పిల్లలు ప్రయోగాలు చేసి చూపిస్తారట, వచ్చి చూడమంది. పోయాను. ఊరంతా ఉడికించిన పసుపు వాసన. బడి వరండాలో దారానికి రాయి కట్టి లోలకం వేలాడదీశారు. ఒక చిన్నపిల్ల గడియారం పట్టుకుని ఊపులు లెక్కపెడుతోంది. రాయి వదలగానే "ఒకటి" అంటోంది. సున్నా అనాలి. ఒక ఊపు పూర్తయితేనే ఒకటి. లెక్కంతా ఒక ఊపు తప్పుతోంది. ఎన్నేళ్ళు చూశానో ఈ తప్పు. నాకు తెలియకుండానే నా చేయి ముందుకు పోయింది, ఆ రాయి పట్టుకుని ఆపడానికి.

వెనక నుంచి చిన్న దగ్గు వినిపించింది.

తిరిగి చూశాను. మా టీచరమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి, నన్నే చూస్తోంది.